మెడలో కంతి, ఏప్రిల్‌లో మంచు: నా అనుభవం

ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షలో భాగంగా ఫిబ్రవరి 24న డాక్టరు గారు నా వెనుక నిలబడి, రెండు చేతుల వేళ్ళతో మెడను తడుముతూ గుటక వేయమన్నారు. వేశాను. మళ్ళీ వేయమన్నారు. ఇంకోసారి అన్నప్పుడు ఆవిడ కుడిచేతి వేళ్ళు ఒకే చోట ఆగిపోయాయని నాకు తెలిసింది. థైరాయిడ్ గ్రంథికి కుడివైపున చిన్న కంతి తగులుతోందని, స్కానింగ్ చేయిస్తే మంచిదని ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పారు. అప్పటిదాకా నాకు నొప్పి లేదు, మింగడంలో ఇబ్బంది లేదు, గొంతులో మార్పు లేదు. ఇంటికి వచ్చి అద్దం ముందు తల పైకెత్తి ఎంతసేపు చూసినా కంటికి ఏమీ కనబడలేదు కానీ, వేలికి మాత్రం తగిలింది. ఆ తరువాత చాలా రోజులు నా చెయ్యి నా ప్రమేయం లేకుండానే అక్కడికి వెళ్తూ ఉండేది.

ఆనాటి నుంచి మే మొదటి వారం దాకా జరిగినదంతా వరుసగా రాస్తున్నాను. ఇలాంటి కంతి బయటపడినవాళ్ళకు పరీక్షల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ నడుమ ఎంత కాలం గడుస్తుందో, ఆ కాలాన్ని ఎలా గడపాలో చెప్పేవాళ్ళు తక్కువ.

మర్నాడే రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ అనే, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ మామూలుగానే ఉందని రెండు రోజుల్లో తెలిసి ఇంట్లో అందరం తేలికపడ్డాం. అయితే ఆ అంకె గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుందే తప్ప, అందులో పెరిగిన కంతి ఎలాంటిదో చెప్పదు. ఈ సంగతి నాకు తరువాత ఒక నర్సు చెప్పారు. ముందే తెలిసి ఉంటే ఆ రెండు రోజుల ఉపశమనం ఉండేది కాదేమో, కాబట్టి తెలియకపోవడమే మంచిదయింది.

అల్ట్రాసౌండ్‌కు మార్చి 10న తేదీ దొరికింది. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి, మెడ మీద గోరువెచ్చని జెల్ రాసి అరగంట పాటు చూశారు. ఆ పరీక్ష చేసే టెక్నీషియన్‌కు ఏమీ చెప్పే అధికారం ఉండదు. అది తెలిసి కూడా ఆమె ముఖంలోకి చూడకుండా ఉండలేకపోయాను. ఒక చోట చాలాసేపు ఆగి, ఒక్కో కొలతకు ఒక్కో మీట నొక్కుతున్న చప్పుడు వింటూ, అన్ని కొలతలు ఎందుకు తీసుకుంటున్నారోనని భయపడ్డాను. అందరికీ అన్నే తీసుకుంటారట. అడిగితే ఆ మాత్రం చెప్పడానికి వాళ్ళకు అభ్యంతరం ఉండదు, కనుక అడగడం మేలు.

రిపోర్టు ఆ రాత్రే ఫోనులో ఆసుపత్రి యాప్‌లోకి వచ్చింది. కుడి భాగంలో 1.8 సెంటీమీటర్ల గట్టి కంతి, చుట్టూ ఉన్న గ్రంథి కంటే ముదురు రంగులో కనబడుతోంది, అంచులు నునుపుగా ఉన్నాయి, సున్నపు (కాల్షియం) చుక్కలు లేవు, నిలువు కంటే అడ్డం ఎక్కువ. వీటన్నింటికీ మార్కులు వేసి టైరాడ్స్ అనే పద్ధతిలో నాలుగో వర్గంలో చేర్చారు. గట్టిగా ఉన్నందుకు రెండు, ముదురుగా ఉన్నందుకు రెండు, మిగతా లక్షణాలకు సున్నా. ఐదు వర్గాల్లో నాలుగోది అనగానే నాలో సగం ధైర్యం పోయింది. ఆ వర్గం పేరే "ఒక మోస్తరు అనుమానం". ఈ వర్గంలో కంతి 1.5 సెంటీమీటర్లకు చేరితే సూదితో కణాలు తీసి చూడమని నియమం ఉంది, నాది ఆ గీతను కొంచెం దాటింది.

మార్చి 19న హార్మోన్ల డాక్టరు గారిని కలిశాం. మా వారు సెలవు పెట్టి వచ్చారు. ఆయన రావడం ఎంత అవసరమో గదిలోంచి బయటకు వచ్చాక అర్థమైంది: నాకు "క్యాన్సర్" అన్న మాట తప్ప మరేమీ గుర్తులేదు, ఆయన మాత్రం రెండు పేజీలు రాసుకున్నారు. థైరాయిడ్ కంతుల్లో అత్యధికం ప్రమాదం లేనివేనని, ఒకవేళ క్యాన్సరే అయినా ఈ గ్రంథిలో ఎక్కువగా కనిపించే రకం చాలా నెమ్మదిగా పెరుగుతుందని డాక్టరు గారు చెప్పారట. సూది పరీక్షకు ఏప్రిల్ 2 ఖాయం చేశారు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నానా అని అడిగారు. పరగడుపున రానక్కరలేదన్నారు.

ఆ గదిలో మేము అడిగిన ఒక ప్రశ్న తరువాత బాగా పనికివచ్చింది. కణాలు చూశాక కూడా ఫలితం తేలకపోతే జన్యు పరీక్ష చేస్తారు. దానికి కావలసిన నమూనాను అదే రోజు మరోసారి గుచ్చి తీసి, ఒక ద్రావణంలో భద్రపరచవచ్చు. ముందే తీసి ఉంచకపోతే మళ్ళీ వెళ్ళి గుచ్చించుకోవాలి. ఆ పరీక్ష ఖరీదైనది, కాబట్టి బీమా సంస్థ నుంచి ముందస్తు అనుమతి అవసరమవుతుందేమో అప్పుడే కనుక్కోమన్నారు. కనుక్కుంటే అవసరమే అని తేలింది, కాగితాలు ఆ వారంలోనే పంపించాం.

నేను బడిలో పాఠాలు చెబుతాను. రాత్రి మెలకువ వచ్చినప్పుడు నన్ను పట్టుకున్న భయం చావు గురించి కాదు, గొంతు గురించి. థైరాయిడ్ గ్రంథి వెనకే గొంతును పలికించే నరం పోతుంది. ఆపరేషన్ చేయవలసి వస్తే ఆ నరానికి దెబ్బ తగిలే అవకాశం తక్కువే అయినా ఉంటుందని చదివాను. తరగతిలో వెనక వరుస దాకా వినబడని గొంతుతో నేనేం చేస్తాను అన్న ప్రశ్న చీకట్లో ఎంతకూ వదిలేది కాదు. అందుకని ఒక నోటు పుస్తకంలో రోజూ పడుకునే ముందు తేదీ వేసి, ఆ రోజుకు నిజంగా తెలిసినదేమిటో ఒక వైపు, తెలియనిదేమిటో మరో వైపు రాయడం మొదలుపెట్టాను. "కంతి ఉంది, 1.8 సెం.మీ." అన్నది ఎడమ వైపు. ఆపరేషన్, నరం, గొంతు, మాత్రలు అన్నీ కుడి వైపు. కుడి వైపు ఉన్నవి మాయమైపోవు కానీ, అవి ఏ వైపున ఉన్నాయో కళ్ళకు కనబడేది. నాకు ఇది ధైర్యవచనాల కంటే బాగా పనిచేసింది.

మార్చి నెలాఖరుకు మేముండే చోట చలికాలపు మంచు దాదాపుగా కరిగిపోయింది. పెరట్లో నేల కనబడింది, చెట్ల మొదళ్ళ దగ్గర గడ్డల మొక్కలు మొలకలెత్తాయి. ఏప్రిల్ 1 సాయంత్రం వాన మొదలై, చీకటి పడ్డాక మంచుగా మారి, రాత్రంతా ఆగకుండా కురిసింది. తెల్లవారి ఆరింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది: సిబ్బంది రాలేకపోతున్నారు, ఆ రోజు పరీక్షలన్నీ వాయిదా, మీకు ఏప్రిల్ 9. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుని ఏడ్చాను. పరీక్ష అంటే భయపడుతున్న మనిషిని, అది వాయిదా పడితే ఎందుకు ఏడవాలో నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడైతే తెలుసు: ఆ తేదీ వరకూ సరిపోయేలా కూడగట్టుకున్న బలం ఆ తేదీ దాటి ఒక్క రోజు కూడా రాదు.

కారు దారి మీద మంచు తీయాలి. ఏప్రిల్ మంచు జనవరి మంచు లాంటిది కాదు. నీరు పట్టి, పార మీదకు ఎత్తగానే మణికట్టు వంగిపోయేంత బరువుంటుంది. ఎంత బరువో చూద్దామని పదకొండేళ్ళ మా అమ్మాయి స్కేలు పట్టుకొచ్చి పెరట్లో గుచ్చింది. 25 సెంటీమీటర్లు. నిటారు గోడలున్న ఒక డబ్బాను మంచులోకి బోర్లించి, అడుగు దాకా దింపి, ఆ మంచును లోపలికి తెచ్చి కరిగిస్తే 35 మిల్లీమీటర్ల నీరు వచ్చింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక కిలో. అంటే మా దారిలో ప్రతి చదరపు మీటరు మీదా 35 కిలోలు ఉన్నాయన్నమాట. ఆ లెక్క చూశాక మా వారు కొంచెం కొంచెంగా, మధ్యలో కూర్చుంటూ తీశారు. నన్ను పార ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు అదే చోట స్కేలు గుచ్చితే 16 సెంటీమీటర్లే ఉంది. "అమ్మా, చూశావా, ఒక్క రోజులో ఎంత కరిగిపోయిందో" అని పిల్ల కేక వేసింది. మళ్ళీ డబ్బా దింపి కరిగించి చూశాం. 34 మిల్లీమీటర్లు. నీరు ఎక్కడికీ పోలేదు, మంచు తన బరువుకు తానే అణిగి, గింజలు దగ్గరకు జరిగి, ఎత్తు మాత్రం తగ్గింది. స్కేలు అబద్ధం చెప్పలేదు, కానీ మేము అడిగిన ప్రశ్నకు స్కేలు దగ్గర జవాబు లేదు. పిల్ల నిరాశపడింది. నేను మాత్రం ఆ సాయంత్రం పుస్తకంలో కంతి గురించి ఏమీ రాయకుండా ఆ రెండు అంకెలు రాసుకున్నాను.

ఆ తరువాత రెండు రోజులూ ఎండ కాసింది. ఏప్రిల్ తొలి వారంలో సూర్యుడు సెప్టెంబరు రెండో వారంలో ఉన్నంత ఎత్తులోనే ఉంటాడు, అందుకే ఈ వేళప్పుడు పడిన మంచు ఎక్కువ కాలం నిలవదు. అయినా మొదటి రోజంతా ఏమీ జరుగుతున్నట్టు కనబడలేదు. సున్నా డిగ్రీల మంచు సున్నా డిగ్రీల నీరు కావడానికి కిలోకు 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. అంత వేడితో అదే నీటిని దాదాపు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత వేడి లోపలికి వెళ్తున్నా ఉష్ణమాపకం సున్నా దగ్గరే ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి చూరు నుంచి నీళ్ళు ధారగా కారడం మొదలైంది, చెట్ల మొదళ్ళ చుట్టూ గుండ్రంగా నేల బయటపడింది. మంచు కింద ఉన్న మొలకలకు ఏమీ కాలేదు. పైన గాలి గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు ఆ మంచే వాటికి దుప్పటి అయింది. రాత్రుళ్ళు మాత్రం కరిగిన నీరు మళ్ళీ పేరుకుని దారంతా అద్దంలా ఉండేది, కనుక పొద్దున్నే బయటికి వెళ్ళేవాళ్ళు ఉప్పు చల్లుకోవడం మరవకూడదు.

ఆ వారం మధ్యలోనే అమ్మకు చెప్పాను. అమ్మ దూరంగా ఉంటుంది. ఫలితం వచ్చాక చెబుదామని మా వారు అన్నారు, నాకూ మొదట అదే సరి అనిపించింది. కానీ రోజూ ఫోనులో "గొంతు అదోలా ఉందేమే" అని అడుగుతుంటే దాచడం ఎక్కువ కష్టమైంది. చెప్పాక అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పరీక్ష రోజున ఎన్ని గంటలకో చెప్పు, ఆ టైముకు నేను మేలుకుని ఉంటాను" అంది. అంతకు మించి ఆమె నుంచి నాకు కావలసిందేమీ లేదు.

ఏప్రిల్ 9న పరీక్ష జరిగింది. గదిలోకి వెళ్ళి బయటకు రావడానికి ముప్పావు గంట పట్టింది, సూది పని అందులో పది నిమిషాలు ఉంటుందేమో. రక్తం తీసే సూది కంటే సన్నని సూది. ముందు తిమ్మిరి మందు ఇచ్చారు, ఆ మంటే అన్నిటికంటే ఎక్కువ అనిపించింది. ఆ తరువాత గుచ్చినప్పుడు నొప్పి కాదు, లోపల ఎవరో నొక్కుతున్నట్టు ఉంటుంది. సూది లోపల ఉన్నప్పుడు మాట్లాడకూడదు, దగ్గకూడదు, గుటక వేయకూడదు. వేయకూడదన్నారు అనగానే గుటక వేయాలనిపించడమే అసలు కష్టం. ప్రతిసారీ గుచ్చే ముందు "ఇప్పుడు ఒకసారి మింగండి" అని అవకాశం ఇచ్చారు. అదే గదిలో మైక్రోస్కోపు పెట్టుకుని ఒకరు కణాలు సరిపడా వచ్చాయో లేదో చూశారు. మొదటిది సరిపోలేదన్నారు, మళ్ళీ గుచ్చారు. చివరగా జన్యు పరీక్ష నమూనా కోసం ఇంకోసారి. చిన్న పట్టీ అతికించి, చల్లని సంచి పెట్టుకోమని ఇచ్చి, ఇంటికి వెళ్ళవచ్చన్నారు. మర్నాటికి మెడ మీద ఊదారంగు మచ్చ ఏర్పడి వారం రోజులు ఉంది. గొంతు బాగానే ఉంది. సోమవారం బడికి వెళ్ళాను, మెడకు స్కార్ఫు చుట్టుకుని.

పరీక్ష జరిగిన రోజు సాయంత్రమే వచ్చిన రిపోర్టులో కంతి కొలత 2.0 సెంటీమీటర్లు అని ఉంది. మార్చిలో 1.8. నెల రోజుల్లో రెండు మిల్లీమీటర్లు పెరిగింది అనుకోగానే కాళ్ళు చల్లబడ్డాయి. అంతలో పెరట్లో గుచ్చిన స్కేలు గుర్తుకు వచ్చింది. వేరే మనిషి, వేరే యంత్రం, మెడ వేరే కోణంలో ఉంది. ఇది పెరుగుదలేనా అని రాత్రే సందేశం పంపితే పొద్దున నర్సు ఫోన్ చేశారు. కనీసం రెండు దిక్కుల్లో 20 శాతం, అదీ 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరిగితేనే సాధారణంగా దాన్ని పెరుగుదలగా లెక్కిస్తారని, నా కంతి ఒక దిక్కులోనే అంత మారిందని, అది కూడా 20 శాతానికి చాలా తక్కువని చెప్పారు. ఆ నియమం రిపోర్టులో ఒక్క వాక్యంగా రాసి ఉంటే ఎంతమందికి ఒక రాత్రి నిద్ర మిగిలేదో.

కణాల ఫలితం ఏప్రిల్ 17, శుక్రవారం సాయంత్రం యాప్‌లో కనబడింది. ఆసుపత్రి అప్పటికే మూసేశారు. బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతులుంటాయి, రెండోది నిరపాయం, ఆరోది క్యాన్సర్. నాది మూడోది: కణాలు పూర్తిగా మామూలుగా లేవు, అలాగని క్యాన్సర్ అనడానికీ లేదు. అన్నాళ్ళూ అవునో కాదో తెలిసిపోతుందని ఎదురుచూసినవాళ్ళకు ఈ జవాబు ఎంత బరువో మాటల్లో పెట్టలేను. ఆ శనివారం, ఆదివారం ఈ మొత్తంలో అన్నిటికంటే కష్టమైన రోజులు. శుక్రవారం సాయంత్రం ఫలితం వస్తే తెరవాలా వద్దా అన్నది ఎవరికి వారు ముందే నిర్ణయించుకోవడం మంచిది. నేనైతే మళ్ళీ అయినా తెరుస్తాను.

సోమవారం డాక్టరు గారే ఫోన్ చేశారు. ఈ తరగతిలో పడ్డవారిలో దాదాపు ఐదుగురిలో నలుగురికి చివరికి క్యాన్సర్ ఉండదని, భద్రపరచిన నమూనాను ఆ రోజే జన్యు పరీక్షకు పంపుతున్నామని, రెండు వారాలు పట్టవచ్చని చెప్పారు. అప్పటికి బీమా అనుమతి చేతిలో ఉంది. లేకపోతే ఆ రెండు వారాలు ఇంకెన్ని అయ్యేవో.

ఆ రెండు వారాల్లో ఈ జబ్బు గురించి కొంచెం పద్ధతిగా చదివాను. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా అల్ట్రాసౌండ్ చేయడం విరివిగా పెరిగాక, 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం మారలేదు. జపాన్‌లోని కోబె నగరంలో ఉన్న కుమా ఆసుపత్రి 1993 నుంచి ఒక సెంటీమీటరు లోపు ఉన్న చిన్న క్యాన్సర్లను వెంటనే కోయకుండా, క్రమం తప్పక స్కాన్ చేస్తూ గమనిస్తోంది. పదేళ్ళు గడిచాక కూడా వాటిలో ఎక్కువ భాగం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. నా కంతి అంత చిన్నది కాదు, కాబట్టి ఆ లెక్క నాకు నేరుగా వర్తించదు. కానీ క్యాన్సర్ అనే ఒకే పేరు కింద ఎంత తేడా ఉన్న జబ్బులు ఉంటాయో అప్పుడే నాకు నిజంగా అర్థమైంది. పుస్తకంలో ఎడమ వైపు మొదటిసారి ఇలా రాశాను: "చెడ్డ ఫలితం వచ్చినా, రేపే ఏదో ఒకటి చేసేయాల్సిన జబ్బు కాదు."

ఏప్రిల్ 25న మళ్ళీ కొంచెం మంచు రాలింది. ఈసారి నేల మీద పడిన గంటలోపే కరిగిపోయింది. మా అమ్మాయి స్కేలు తీసుకుని పరుగెత్తేసరికే కొలవడానికి ఏమీ మిగల్లేదు.

మే 5, మంగళవారం మధ్యాహ్నం, నేను తరగతిలో ఉండగా ఫలితం వచ్చింది. ఫోన్ చూడలేదు. గంట కొట్టాక స్టాఫ్ గదిలో తెరిచాను: జన్యు పరీక్షలో అనుమానించదగ్గది లేదు, క్యాన్సర్ అయ్యే అవకాశం 5 శాతం లోపు. ఆనందం వెంటనే రాలేదు. ముందు వచ్చింది అలసట, కుర్చీలోంచి లేవలేనంత అలసట. అమ్మకు ఫోన్ చేసినప్పుడు గానీ ఏడుపు రాలేదు. ఇది మామూలే అని, చాలామందికి మంచి వార్త విన్న తరువాత కొన్ని రోజులు నీరసంగా ఉంటుందని మే 7న కలిసినప్పుడు డాక్టరు గారు అన్నారు. నాకు ఆ నీరసం తగ్గడానికి రెండు వారాలు పట్టింది.

ఆపరేషన్ అవసరం లేదు, మందులూ లేవు. కంతి అక్కడే ఉంటుంది. మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మెడ పక్కన గడ్డలు తగిలినా వెంటనే రమ్మన్నారు. ఖర్చుల విషయానికి వస్తే, అన్నిటికంటే పెద్ద బిల్లు జన్యు పరీక్షది. అనుమతి ఉన్నందువల్ల అందులో చాలా భాగం బీమా భరించింది. కణాలు చదివిన పాథాలజీ విభాగం నుంచి వేరుగా ఒక బిల్లు వస్తుందని ఎవరూ చెప్పలేదు, అది జూన్‌లో వచ్చింది. వచ్చే ఏడాది మే నెలలో మళ్ళీ అల్ట్రాసౌండ్. కొలతలు సరిగ్గా పోల్చి చూడాలంటే వీలైనంత వరకు అదే చోట, అదే యంత్రం మీద చేసేలా అడిగి మరీ రాయించుకున్నాను.